పెగ్మటైట్‌లో ఖనిజ మండలాలు ఏ వరుసలో, ఎందుకు ఏర్పడతాయి?

మీరు ఒక ప్రశ్నగా అడిగినదానిలో మూడు ప్రశ్నలున్నాయి. ఒకే గ్రానైట్ శిలాద్రవం నుంచి వచ్చిన పెగ్మటైట్ (అతి పెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ జాతి శిల) డైక్‌లో, అంటే రాతి పగులులో దూరి పలకలా గడ్డకట్టిన రాశిలో, అంచున బియ్యపుగింజంత స్ఫటికాలు, కాస్త లోపల మూరెడు ఫెల్డ్‌స్పార్, నట్టనడుమ ఒట్టి క్వార్ట్జ్ ఎందుకు ఉంటాయన్నది మొదటిది. స్ఫటికాలు అంత పెద్దవి కావాలంటే శిలాద్రవం లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారి ఉండాలి కదా అన్నది రెండోది. లోపలి లిథియం ఖనిజాలు మొదటి ద్రవం నుంచే పుట్టాయా, లేక తరవాత చొరబడిన వేడినీటి ద్రావణాలు పాత ఖనిజాలను కరిగించి వాటి స్థానంలో వీటిని పెట్టాయా అన్నది మూడోది. ముందు క్లుప్తంగా చెబుతాను. మండలాలు ఒకే ద్రవం గోడల దగ్గర మొదలుపెట్టి లోపలికి గడ్డకట్టుకుంటూ పోయిన మెట్లు. స్ఫటికం పెద్దదైనంత మాత్రాన అది నెమ్మదిగా పెరిగిందని కాదు. లిథియం ఖనిజాల్లో అధికభాగం ఆ ద్రవం నుంచి నేరుగా స్ఫటికీకరించినవే, తరవాతి మార్పులవల్ల వచ్చినవి కొన్నే. ఈ మూడింటినీ కలిపే సూత్రం ఒకటుంది: ప్రతి దశలోనూ పెరుగుతున్న స్ఫటికం తనలోకి రానివ్వని మూలకాలే మిగిలిన ద్రవాన్ని మార్చుకుంటూ పోతాయి.

పేర్ల సంగతి ముందు తేల్చుకుందాం. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచి ఖనిజ శాస్త్రజ్ఞుడు హాయ్యీ పెగ్మటైట్ అన్న మాటను వాడింది ఫెల్డ్‌స్పార్‌లో క్వార్ట్జ్ ప్రాచీన లిపి అక్షరాల్లా ఇమిడి కనిపించే గ్రాఫిక్ గ్రానైట్‌కు మాత్రమే. నేటి విస్తృతార్థం 1845లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రజ్ఞుడు హైడింగర్ వాడుకతో స్థిరపడింది. లోపలి నిర్మాణానికి ఇప్పటికీ అందరం వాడే పరిభాష 1949లో కామెరాన్, జాన్స్, మెక్‌నేర్, పేజ్ కలిసి వెలువరించిన అధ్యయనం నుంచి వచ్చింది. వాళ్లు అంచు మండలం, గోడ మండలం, మధ్యంతర మండలాలు, గర్భం అని వరుసగా పేర్కొన్నారు. మండలాలను అడ్డంగా కోసే పగుళ్ల పూరకాలనూ, మండలాలను తినేసి ఏర్పడే ప్రతిస్థాపన రాశులనూ వాటినుంచి విడదీసి చెప్పారు. మీ మూడో ప్రశ్న సరిగ్గా ఆ విభజన మీదే ఆధారపడి ఉంది. ఆ అధ్యయనంలో ఇంకో గట్టి పరిశీలన కూడా ఉంది: ఒక పెగ్మటైట్‌లో కొన్ని ఖనిజ సమూహాలు లోపించవచ్చు గానీ, ఉన్నవాటి వరుస మాత్రం దాదాపు ఎప్పుడూ తారుమారు కాదు. ప్లాజియోక్లేజ్ (సోడియం, కాల్షియంల ఫెల్డ్‌స్పార్), క్వార్ట్జ్, మస్కోవైట్ (తెల్ల అభ్రకం)లతో మొదలై, పెర్థైట్ (సోడియం ఫెల్డ్‌స్పార్ చారలున్న పొటాష్ ఫెల్డ్‌స్పార్) మీదుగా, లిథియం ఖనిజాలైన స్పోడుమిన్, లెపిడోలైట్‌ల దాకా పోయి, క్వార్ట్జ్‌తో ముగిసే ఆ వరుసను వివరించలేని సిద్ధాంతం ఏదైనా అసంపూర్ణమే.

అసలు డైక్‌ను గోడ నుంచి లోపలికి నడుచుకుంటూ చూడండి. ఆతిథ్య శిలను ఆనుకుని కొన్ని సెంటీమీటర్ల మందాన సన్నని గింజలతో క్వార్ట్జ్, ప్లాజియోక్లేజ్, మస్కోవైట్‌ల అంచు మండలం ఉంటుంది. చాలామంది దీన్ని గమనించకుండానే దాటిపోతారు. తరవాతి గోడ మండలంలో గింజ ఒక్కసారిగా పెరుగుతుంది. అభ్రకం దిమ్మలు గోడకు లంబంగా నిలబడి ఉంటాయి. నల్ల టూర్మలిన్ కడ్డీలు గోడవైపు సన్నగా మొదలై లోపలివైపు విచ్చుకుంటాయి. ఇది చాలా విలువైన సాక్ష్యం. కడ్డీ సన్నని కొస ఎటుంటే అది పుట్టిన చోటు అటే, విచ్చుకున్న వైపే అప్పటికి ఇంకా ద్రవం మిగిలి ఉంది. ఈ ఒక్క ఆధారంతోనే పెరుగుదల బయటినుంచి లోపలికి సాగిందని ప్రయోగశాల గడప తొక్కకుండా చెప్పవచ్చు. ఆపైన మధ్యంతర మండలాల్లో పెర్థైట్ దిమ్మలు మీటర్ల పరిమాణానికి చేరతాయి. అమెరికాలో దక్షిణ డకోటాలోని ఎట్టా గనిలో 12 మీటర్లకు మించిన పొడవున్న స్పోడుమిన్ స్ఫటికం దొరికింది. చివరిది గర్భం, అంటే చాలా చోట్ల తెల్లగానో పొగరంగులోనో ఉండే పలుగురాయి.

ఇక నెమ్మదిగా చల్లారడం సంగతి. ఇది పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన పొరపాటు. రాయిలో ఉష్ణ విసరణ, అంటే వేడి పాకే తీరు, సెకనుకు సుమారు చదరపు మీటరులో పదిలక్షో వంతు. డైక్ మందంలో సగాన్ని వర్గం చేసి ఈ విలువతో భాగిస్తే చల్లారడానికి పట్టే కాలం ఏ స్థాయిలో ఉంటుందో తెలుస్తుంది. 2 మీటర్ల మందమున్న డైక్‌కు అది దాదాపు 12 రోజులు. 10 మీటర్ల డైక్‌కు ఏడాదికి కాస్త తక్కువ, 50 మీటర్ల డైక్‌కు ఇరవై ఏళ్లు. ఆతిథ్య శిల ముందే వేడిగా ఉంటే, శిలాద్రవం విడతలుగా వస్తే ఈ అంకెలు కొన్ని రెట్లు పెరుగుతాయి. అయినా లక్షల ఏళ్ల ప్రసక్తి రాదు. కిలోమీటర్ల మందమున్న గ్రానైట్ రాశి నిజంగానే వేల, లక్షల ఏళ్లు చల్లారింది, దాని గింజ మాత్రం సెంటీమీటరు దాటలేదు. దాని పక్కనే పగులులో దూరి కొన్ని వారాల్లోనో నెలల్లోనో గడ్డకట్టిన డైక్‌లో చేతి పొడవు స్ఫటికాలున్నాయి. కాలమే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి.

కాలం కారణం కాకపోతే స్ఫటికాల సంఖ్యే కారణం. ఒక ఘనమీటరు ద్రవంలో పదికోట్ల కేంద్రకాలు (స్ఫటికాలు మొలిచే తొలి బీజాలు) పుడితే ప్రతి స్ఫటికానికీ దక్కే పదార్థం కొంచెమే, పది పుడితే అదే పదార్థం పదింటికీ పంపకమవుతుంది. పెగ్మటైట్ ద్రవంలో నీరు, బోరాన్, ఫ్లోరిన్, భాస్వరం, లిథియం ఎక్కువగా ఉంటాయి. ఇవి సిలికేట్ గొలుసులను తెంపి ద్రవాన్ని పలచబరుస్తాయి, గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తాయి, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త కేంద్రకాలు పుట్టకుండా జాప్యం చేస్తాయి. అందువల్ల ద్రవం తాను గడ్డకట్టడం మొదలుపెట్టాల్సిన ఉష్ణోగ్రతను దాటి చాలా కిందికి చల్లారిపోయినా ఇంకా ద్రవంగానే నిలుస్తుంది. దీన్నే అతిశీతలీకరణ అంటాం. పెగ్మటైట్ పరిశోధకుడు డేవిడ్ లండన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లోనూ, ఆయన క్షేత్ర లెక్కల్లోనూ ఈ అంతరం నూరు డిగ్రీల సెల్సియస్‌ను అవలీలగా దాటుతుంది. నీటితో సంతృప్తమైన సాధారణ గ్రానైట్ ద్రవం 2 కిలోబార్ల పీడనంలో 680 డిగ్రీల చుట్టుపక్కల పూర్తిగా గడ్డకడుతుంది. అనేక పెగ్మటైట్లలో పక్కపక్కనే పెరిగిన రెండు రకాల ఫెల్డ్‌స్పార్‌ల కూర్పు నుంచి లెక్కగట్టిన స్ఫటికీకరణ ఉష్ణోగ్రతలు 450 డిగ్రీల దాపులకు దిగుతున్నాయి. అంత లోతుకు అతిశీతలమైన ద్రవంలో స్ఫటికాలు కొద్ది చోట్ల మాత్రమే మొలుస్తాయి. మొలిచినవి మాత్రం వేగంగా పెరుగుతాయి.

గ్రాఫిక్ గ్రానైట్ ఈ తొందరకు చేతిలో పట్టుకుని చూడగల నిదర్శనం. ఒక ముక్కను ఫెల్డ్‌స్పార్ చీలిక తలం వెంట పగలగొట్టి దీపం కింద తిప్పండి. ఫెల్డ్‌స్పార్ అంతా ఒక్కసారిగా మెరుస్తుంది, అంటే అది ఒకే స్ఫటికం. అందులో ఇమిడిన క్వార్ట్జ్ కడ్డీలు విడివిడిగా కనిపిస్తూనే అధికభాగం ఒకే దిశలో వరుసకట్టి ఉంటాయి. క్వార్ట్జ్ పాలు రాయిలో దాదాపు నాలుగో వంతు, ఒక్కోసారి కొంచెం ఎక్కువ. ఇది ఫెల్డ్‌స్పార్‌ను క్వార్ట్జ్ తినేయడం వల్ల వచ్చిన ఆకృతి కాదు. వేగంగా పెరిగే ఫెల్డ్‌స్పార్ తనకు అక్కరలేని సిలికాను ముందుకు నెడుతుంది. అది దూరంగా విసరణ చెందేలోపే ముఖం వద్ద పేరుకుని క్వార్ట్జ్‌గా మొలుస్తుంది. ఆ క్వార్ట్జ్ చుట్టూ ఫెల్డ్‌స్పార్ సాగిపోతుంది. స్ఫటిక వేగం విసరణ వేగాన్ని మించినప్పుడు ఏమవుతుందో ఇంతకంటే తేటగా చూపే రాయి లేదు.

ఇక్కడినుంచి మండలాల అసలు యంత్రాంగంలోకి వెళ్లవచ్చు. 1969లో జాన్స్, బర్నమ్ ప్రతిపాదించిన నమూనాలో పెగ్మటైట్ ద్రవం నీటితో సంతృప్తమై, అందులోనుంచి వేరుపడిన నీటి ద్రావణం బుడగలుగా పైకి లేచి పొటాషియాన్ని మోసుకుపోతుంది. పైభాగంలో పెర్థైట్ దిమ్మలు, కిందిభాగంలో సోడియం అధికంగా ఉన్న సన్నగింజల ఆప్లైట్ ఏర్పడటానికి అదే కారణమని వారి వాదన. చాలా పెగ్మటైట్లలో కింద గార్నెట్, టూర్మలిన్ చారలతో ఆప్లైట్, పైన పెద్ద స్ఫటికాలు నిజంగానే ఉన్నాయి కనుక ఆ వాదనకు బలం ఉంది. అయితే పెరూలోని మకుసాని అగ్నిపర్వత గాజు మీద లండన్ బృందం చేసిన ప్రయోగాల్లో వేరుపడ్డ నీటి ద్రావణం లేకుండానే అంచున సన్నగింజ, లోపలికి దిశతో పెరిగిన పెద్ద స్ఫటికాలు, ఖనిజాల వరుస కనిపించాయి. అందువల్ల ఆవిరి దశ మండలాలకు తప్పనిసరి కాదని తేలింది. అది ఉన్నచోట ఏ పనీ చేయదని మాత్రం దీని అర్థం కాదు. ఈ తేడాను మరిచి రెండు పక్షాలుగా చీలి వాదించుకోవడం నాకు ఎప్పుడూ వృథాగానే అనిపిస్తుంది.

లండన్ ప్రతిపాదించిన సరిహద్దు పొర భావన ఇలా ఉంటుంది. గోడ నుంచి లోపలికి జరిగే స్ఫటిక ముఖం ముందు, స్ఫటికాలు వద్దన్న నీరు, బోరాన్, ఫ్లోరిన్, లిథియం, సీజియం వంటివన్నీ పలుచని పొరగా పేరుకుంటాయి. ఆ పొరకు అవతల, లోపలివైపు ఉన్న ప్రధాన ద్రవం ఇంకా మామూలు గ్రానైట్ కూర్పుతోనే ఉండవచ్చు. పొరలోని ద్రవం మాత్రం చాలా పలుచనిది, తక్కువ ఉష్ణోగ్రతలో కూడా గడ్డకట్టనిది. ముఖం ముందుకు జరిగే కొద్దీ ఈ పొర మలినాలను ఊడ్చుకుంటూ లోపలికి పోతుంది. సిలికాన్ దిమ్మను శుద్ధి చేసేటప్పుడు కరిగిన పట్టీని ఒక చివర నుంచి మరో చివరకు నడిపిస్తే మలినాలు చివరన చేరడం వంటిదే ఇది. ప్రధాన ద్రవం అయిపోయి, రెండు గోడల నుంచి వచ్చిన పొరలు నడుమ కలిసినప్పుడు అరుదైన మూలకాల ఖనిజాలు హఠాత్తుగా ప్రత్యక్షమవుతాయి. క్షేత్రంలో మండలాల సరిహద్దులు క్రమంగా కాక కత్తితో కోసినట్టు ఉండటానికి ఇది చక్కగా సరిపోతుంది. మరోవైపు, జర్మనీలోని ఎరెన్‌ఫ్రీడర్స్‌డోర్ఫ్ పెగ్మటైట్ క్వార్ట్జ్‌లో చిక్కిన సూక్ష్మ ద్రవబిందువులను పరిశీలించి రైనర్ థామస్, ఆయన సహచరులు నీరు తక్కువున్న ద్రవం, నీరు ఎక్కువున్న ద్రవం అనే రెండు సిలికేట్ ద్రవాలు నూనె, నీళ్లలా వేరుపడి సహజీవనం చేశాయని వాదించారు. అలా వేరుపడటం అన్ని పెగ్మటైట్లలోనూ జరిగిందా అన్నది ఇంకా వివాదంలోనే ఉంది. నా అభిప్రాయంలో మండలాల వరుసను వివరించడానికి అది అవసరం లేదు.

ఇప్పుడు రసాయన పరిణామం. పొటాషియం అయాన్ వ్యాసార్థం 1.38 ఆంగ్‌స్ట్రామ్‌లు (మీటరులో వెయ్యికోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), రుబీడియానిది 1.52, సీజియానిది 1.67. పొటాష్ ఫెల్డ్‌స్పార్ జాలకంలో (స్ఫటికంలోని అణువుల అమరికలో) పొటాషియం ఇంట్లో మనిషిలా కూర్చుంటుంది. రుబీడియం కాస్త ఇరుకుగా సర్దుకుంటుంది. సీజియానికి చాలావరకు ప్రవేశమే దొరకదు. లిథియం అందుకు భిన్నంగా మరీ చిన్నది, బెరీలియం ఇంకా చిన్నది, నియోబియం, టాంటలాలకు ఆవేశం ఎక్కువ. ఇవన్నీ వేర్వేరు కారణాలతో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లకు పనికిరాక ద్రవంలో మిగిలిపోతాయి. రేలీ సమీకరణం దీన్ని అంకెల్లో చెబుతుంది: మిగిలిన ద్రవంలోని గాఢత, తొలి గాఢతను మిగిలిన ద్రవ భాగపు ఘాతంతో గుణిస్తే వస్తుంది, ఆ ఘాతం విభజన గుణకం (మూలకం గాఢత స్ఫటికంలో ఎంతో, ద్రవంలో ఎంతో చెప్పే నిష్పత్తి) నుంచి ఒకటి తీసివేసినది.

ఒక లెక్క వేసి చూద్దాం. రుబీడియానికి మొత్తం విభజన గుణకం 0.5, పొటాషియానికి 1 అనుకుందాం. సగటు గ్రానైట్‌లో పొటాషియం, రుబీడియంల నిష్పత్తి సుమారు 230. ద్రవంలో 95 శాతం గడ్డకట్టేసరికి రుబీడియం నాలుగున్నర రెట్లవుతుంది, నిష్పత్తి 51కి దిగుతుంది. 99 శాతం గడ్డకడితే నిష్పత్తి 23. కనుక గోడ మండలపు ఫెల్డ్‌స్పార్‌లో నూటయాభై, రెండొందలు కనిపించిన నిష్పత్తి లోపలి మండలంలో ముప్పైకి పడిపోతే అందులో వింతేమీ లేదు. సీజియం విషయంలో లెక్క మరింత ఆసక్తికరం. గుణకం 0.1 అనుకుని, గ్రానైట్‌లో 5 పీపీఎంతో (పదిలక్షల్లో 5 వంతులతో) మొదలుపెడితే, 99 శాతం గడ్డకట్టాక సీజియం 63 రెట్లు పెరిగి మూడొందల పీపీఎం దాటుతుంది, అంతే. సీజియం ఖనిజమైన పొల్యుసైట్ పుట్టాలంటే ద్రవంలో సీజియం శాతాల్లోకి రావాలి. కాబట్టి ఒక్క విడత సరిపోదు. గ్రానైట్ గదిలో ఒకసారి 99 శాతం గడ్డకట్టి, మిగిలిన ఆ ఒక్క శాతం ద్రవం విడిగా బయటికి వచ్చి పెగ్మటైట్‌గా చేరి, అక్కడ తిరిగి 99 శాతం గడ్డకడితే 63ను 63తో గుణించాలి. అప్పుడు సీజియం రెండు శాతం చుట్టుపక్కలకు చేరుతుంది. పొల్యుసైట్ ఎంత అరుదో, ఎప్పుడూ లోలోపలే ఎందుకు ఉంటుందో ఈ గుణకారంలోనే ఉంది. కెనడాలోని మానిటోబాలో బెర్నిక్ సరస్సు వద్దనున్న టాంకో పెగ్మటైట్‌ను ప్రపంచంలోకెల్లా పెద్ద పొల్యుసైట్ రాశి ఉన్నచోటుగా చెబుతారు. అక్కడ తొమ్మిది మండలాలు గుర్తించారు, పొల్యుసైట్‌కు ప్రత్యేకంగా ఒక మండలమే ఉంది.

ఫెల్డ్‌స్పార్ నిష్పత్తితో పాటు నేను ఎక్కువగా నమ్మే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. ప్లాజియోక్లేజ్‌లో కాల్షియం గోడ నుంచి లోపలికి తగ్గుతూ చివరకు దాదాపు శుద్ధమైన ఆల్బైట్‌గా మారుతుంది. అది పలకలుగా పెరిగితే క్లీవ్‌లాండైట్ అంటాం. గార్నెట్‌లో ఇనుము తగ్గి మాంగనీస్ పెరుగుతుంది. మస్కోవైట్ లిథియాన్ని పోగేసుకుంటూ లెపిడోలైట్ వైపు జరుగుతుంది. బెరిల్‌లో సోడియం, లిథియం, సీజియం పెరుగుతాయి, అందుకే గులాబీ బెరిల్ గోడ దగ్గర కాక లోపలే దొరుకుతుంది. నియోబియం ఖనిజం కొలంబైట్, టాంటలం ఖనిజం టాంటలైట్‌ల జంట వీటన్నిటికంటే విచిత్రమైనది. నియోబియం, టాంటలం రెండింటికీ ఆవేశం ఒకటే, వ్యాసార్థమూ ఒకటే, 0.64 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఏ స్ఫటిక జాలకమూ వాటిని పరిమాణం బట్టి వేరుచేయలేదు. అయినా గోడ మండలంలో ఇనుప కొలంబైట్‌గా మొదలైన ఖనిజం గర్భం అంచున మాంగనీస్ టాంటలైట్‌గా ముగుస్తుంది. కారణం జాలకంలో లేదు, ద్రావణీయతలో ఉంది. గ్రానైట్ ద్రవంలో టాంటలైట్ కంటే కొలంబైట్ తక్కువగా కరుగుతుంది కనుక నియోబియం ముందే అవక్షేపమై తొలగిపోతుంది, టాంటలం ద్రవంలో కొనసాగుతుంది. జిర్కాన్‌లో జిర్కోనియం ముందు, హాఫ్నియం వెనుక రావడానికి కూడా ఇటువంటి కారణమే.

ఒక్క టూర్మలిన్ స్ఫటికం చేతిలో ఉంటే ఈ పరిణామమంతా పొడవునా చదువుకోవచ్చు. గోడవైపు మొదలు బొగ్గులా నల్లగా ఉంటుంది, అది ఇనుము నిండిన షోర్ల్. కొంత దూరం పోయేసరికి నలుపు విరిగి ముదురాకుపచ్చ కనిపిస్తుంది, ఇనుము అడుగంటుతోందన్నమాట. ఆపైన ఆకుపచ్చ పలచబడి ఒక్కోసారి రంగులేని పట్టీ వస్తుంది. చివరన గులాబీ రంగు, అక్కడ ఇనుము దాదాపు లేదు, లిథియం, అల్యూమినియం ఉన్న ఎల్బైట్‌లో మాంగనీస్ ఆ రంగునిస్తుంది. గులాబీ కొస మీద మళ్లీ నల్లని టోపీ ఉన్న స్ఫటికాలు కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. చూడగానే వరుస తిరగబడిందనిపిస్తుంది గానీ, అప్పటిదాకా మూసుకుని ఉన్న వ్యవస్థ పగిలి, బయటి శిల నుంచో, కుళ్లిన బయోటైట్, గార్నెట్‌ల నుంచో ఇనుము లోపలికి చేరిందని దాని అర్థం.

లిథియం ఖనిజాల విషయంలో పీడనం కూడా మాట్లాడుతుంది. ద్రవంలో క్వార్ట్జ్‌తో పాటు లిథియం అల్యూమినోసిలికేట్ సంతృప్తమైనప్పుడు లోతు ఎక్కువైతే స్పోడుమిన్, తక్కువైతే పెటలైట్ పుడుతుంది. పెటలైట్ చల్లారే దారిలో స్థిరత్వం కోల్పోతే ఒక స్పోడుమిన్‌గా, రెండు క్వార్ట్జ్‌లుగా విడిపోతుంది. బయటి ఆకారం, చీలిక ఛాయలు పెటలైట్‌వే మిగిలి, లోపల మాత్రం సన్నని స్పోడుమిన్ సూదులు క్వార్ట్జ్‌లో అల్లుకుని ఉంటాయి. టాంకోలో ఇవి విరివిగా ఉన్నాయి. ఇక్కడ మీ మూడో ప్రశ్నకు చిక్కుముడి లాంటి జవాబుంది. ఆ రాయిలో ఉన్న స్పోడుమిన్ నేరుగా ద్రవం నుంచి రాలేదు, ఆ అర్థంలో అది ద్వితీయమే. అయితే బయటినుంచి లిథియం రానూ లేదు, ఉన్నదే తన చోటనే రూపం మార్చుకుంది. కనుక ప్రతిస్థాపనకూ రూపాంతరానికీ తేడా పాటించకుండా ప్రాథమికం, ద్వితీయం అని రెండు గంపల్లో వేయడం కుదరదు.

గర్భంలోని క్వార్ట్జ్ నిజంగానే కష్టమైన ప్రశ్న. ఏ గ్రానైట్ ద్రవమూ ఒట్టి సిలికాగా మిగలదు, చివరి బొట్టులో కూడా క్షారాలు, అల్యూమినియం ఉండాలి. అతిశీతల ద్రవంలో ఫెల్డ్‌స్పార్ వేగంగా పెరిగి ముందే ముగిసిపోతే సిలికా మిగులుతుందన్నది ఒక వివరణ. ఇది ప్రయోగాల్లో కొంతవరకు కనిపించింది. వేరుపడ్డ నీటి ద్రావణం సిలికాను మోసుకొచ్చి నింపిందన్నది మరొకటి. చిన్న డైక్‌ల విషయంలో నేను మొదటిదానివైపే మొగ్గుతాను. గర్భం పదుల మీటర్లున్న చోట మాత్రం రెండూ కలిసి పనిచేశాయని అనుకోకుండా ద్రవ్యరాశి లెక్క కుదరదు. గీసిన బొమ్మల్లో గర్భం ఎప్పుడూ నడుమ ఉంటుంది గానీ, వాలుగానో పడుకునో ఉన్న డైక్‌లలో అది సాధారణంగా పైకప్పు వైపు జరిగి ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. కింది గోడ వైపు ఆప్లైట్ మందంగా, పై గోడ వైపు పెద్ద స్ఫటికాలు తక్కువ మందంగా ఉండే ఈ అసమత్వం కారణంగా, ఒక్క వైపు నుంచే నమూనాలు తీస్తే సగం కథే దొరుకుతుంది.

చివరి దశలో నీరు ద్రవంలో ఇమడలేక వేరుపడుతుంది. 2 కిలోబార్ల వద్ద గ్రానైట్ ద్రవం సుమారు 6 శాతం నీటిని పట్టుకోగలదు. ద్రవం తరిగేకొద్దీ ఆ పరిమితి దాటక తప్పదు. లోతు తక్కువైతే అక్కడ బొరియలు ఏర్పడి, అడ్డులేని ఖాళీలో స్ఫటికాలు నునుపైన ముఖాలతో పెరుగుతాయి. రత్నాలు దొరికేవి ఇవే. లోతు ఎక్కువైతే ఆ ద్రావణం మండలాల్లోకీ ఆతిథ్య శిలలోకీ ఇంకిపోతుంది. పెర్థైట్‌ను తినేసే చక్కెర పలుకుల్లాంటి ఆల్బైట్, స్పోడుమిన్‌ను మార్చేసే సన్నని అభ్రకం, గ్రైసెన్ (క్వార్ట్జ్, అభ్రకాలుగా మారిపోయిన రాయి) ఈ దశవే. బయట ఆంఫిబోలైట్ (నల్లని రూపాంతర శిల) ఉంటే అందులో హోమ్‌క్విస్టైట్ అనే లిథియం ఆంఫిబోల్ పుడుతుంది. నీలి వంకాయ రంగు ఛాయలో ఉండే ఆ ఖనిజం కనిపిస్తే దగ్గరలో లిథియం పెగ్మటైట్ ఉందని అన్వేషకులు గుర్తుపడతారు.

ఇప్పటిదాకా చెప్పింది ప్రధానంగా లిథియం, సీజియం, టాంటలం పోగయ్యే కుటుంబానికి వర్తిస్తుంది. ఖనిజ శాస్త్రజ్ఞుడు చెర్నీ వర్గీకరణలో, ఆ మూడు మూలకాల ఇంగ్లిషు తొలి అక్షరాలతో, దాన్ని ఎల్‌సీటీ అంటారు. నియోబియం, ఇట్రియం, ఫ్లోరిన్‌ల కుటుంబం ఎన్‌వైఎఫ్. అందులో మండలాల తీరు ఇదే అయినా పాత్రలు వేరు: ఫ్లోరైట్, అమజొనైట్, గాడొలినైట్, ఫెర్గుసొనైట్. స్వీడన్‌లోని ఇట్టర్బీ క్వారీ పెగ్మటైటే. ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇట్టర్బియం నాలుగూ ఆ ఊరి పేరు నుంచే వచ్చాయి.

మీ డైక్‌లో ఏది ప్రాథమికమో, ఏది తరవాతి మార్పో మీరే తేల్చుకోవాలంటే నమూనా తీసే పద్ధతి మీదే అంతా ఆధారపడుతుంది. తొలినాళ్లలో నేను ఒక డైక్ మీద గోడ నుంచి గర్భం దాకా మస్కోవైట్ ఏరి, పొటాషియం, రుబీడియంల నిష్పత్తి నడుమ ఎక్కడో పెరిగిందని చూసి ద్రవం మళ్లీ కొత్తగా వచ్చి చేరిందని ఒక పెద్ద సిద్ధాంతం అల్లాను. ఏడాది తరవాత సూక్ష్మదర్శిని కింద రాతి పలుచని ఛేదాలు చూస్తే ఆ నడిమి మస్కోవైట్ దిమ్మలు కావు, ఫెల్డ్‌స్పార్ చీలికల్లో దూరిన పసుపుపచ్చని రెండోతరం పొలుసులు. అప్పటినుంచి ప్రతి మండలంలోనూ ముందు పెద్ద పెర్థైట్ దిమ్మ నడిభాగం నుంచి, ఆల్బైట్ చారలు లేని, మబ్బుపట్టని చీలిక ముక్క తీస్తాను. అదే చోటి నుంచి దిమ్మగా ఉన్న అభ్రకం, ఒక గార్నెట్, దొరికితే కొలంబైట్ గింజ విడిగా ఏరుతాను. ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం, రుబీడియంల నిష్పత్తి లోపలికి తగ్గుతూ, గార్నెట్‌లో మాంగనీస్ పాలు, కొలంబైట్‌లో టాంటలం పాలు లోపలికి పెరుగుతూ పోతే ఆ వరుసను ద్రవపు వరుసగా నమ్మవచ్చు. మూడింటిలో ఒకటి ఎదురు తిరిగితే ఆ చోటికి తిరిగి వెళ్లి, ఆ ఖనిజం మండలపు సరిహద్దును గౌరవించి ఆగుతోందో, దాన్ని కోసుకుని పగుళ్ల వెంట పాకుతోందో చూడండి. సరిహద్దు దగ్గర ఆగేది మండలానికి చెందినది. సరిహద్దును దాటుతూ, పాత స్ఫటికాల ఆకారాలను తనలో మిగుల్చుకునేది ప్రతిస్థాపన. మీ లెపిడోలైట్ గర్భం అంచున పట్టీగా ఆగి ఉంటే మొదటి రకం. అదే లెపిడోలైట్ పెర్థైట్ దిమ్మల్లోకి వేళ్లలా చొచ్చుకుపోయి, వాటి మధ్య తినగా మిగిలిన ఫెల్డ్‌స్పార్ దీవులు ఒకే దిశలో మెరుస్తుంటే రెండో రకం.